ఫ్రిస్కో పట్టణం ఇంతగా ఎలా పెరిగింది?

ప్రశ్న (విజయనగరం): మా అమ్మాయి, అల్లుడుగారు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో స్థిరపడ్డారు. వేసవిలో మేమూ వెళ్తున్నాం కనుక, ఆ ఊరు ఎలా ఎదిగిందో, అక్కడ చూడదగినవేమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం): నమస్కారమండీ. అది రైలుమార్గం వల్ల పుట్టిన ఊరు. ఆవిరి ఇంజన్లకు నీరు కావాలి గాని మెట్ట మీద బావులు పడే వీలు లేకపోవడంతో, రైల్వేవారు పడమరగా పల్లంలో చెరువు తవ్వించగా దాని దగ్గరే ఊరు వెలసింది. పొరుగున ఉన్న లెబనాన్ గ్రామస్థులు కొందరు తమ కొయ్య ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ అక్కడికి తరలించారంటే ఆ రోజుల్లో రైలుకున్న విలువ అర్థమవుతుంది. 2000 జనగణనలో 33,714గా ఉన్న జనాభా 2020 నాటికి 2,00,509కి చేరింది. డల్లాస్ నుంచి వచ్చే టోల్ రహదారి, దాని వెంట వెలసిన కార్యాలయాలు ఇందుకు ముఖ్య కారణాలని నా అభిప్రాయం.

మరో జవాబు (బొబ్బిలి): కార్యసిద్ధి హనుమాన్ ఆలయాన్ని తప్పక దర్శించండి. డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2016లో తన కేంద్రాన్ని నెలకొల్పుకున్న ‘ది స్టార్’ ప్రాంగణమూ చూడదగినదే. మన విజయనగరంలో గంటస్తంభం నుంచి కోటకు నడిచి వెళ్లినట్టు అక్కడ కుదరదు, ప్రతిచోటికీ కారు కావాలి. అందుకే అమ్మాయిగారి సెలవు రోజులు ముందే కనుక్కోండి.