సమస్యాపూరణం: పండుగ దినాన పట్నమ్ము పాడువడియె

భోగి నాడు పొద్దున్నే పంజాగుట్ట చౌరస్తాలో తీసిన ఫోటో ఇది. సిగ్నల్ ఎర్రగా వెలుగుతోంది, గీత దగ్గర ఆగిన బండి ఒక్కటీ లేదు. మామూలు రోజుల్లో అక్కడ రెండు మూడు సిగ్నళ్లు పడితే గానీ దాటలేం. ఈ ఫోటో ముందు పెట్టుకుని, పై మూడు పాదాలూ రాసి పూరించమని మన బృందానికి ఇచ్చిన తేటగీతి చివరి పాదం:

*పండుగ దినాన పట్నమ్ము పాడువడియె*

కొత్తగా చేరినవాళ్ల కోసం గణాలు విడదీస్తున్నాను: పండు / గ దినాన / పట్నమ్ము / పాడు / వడియె. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి (అక్షరాల మైత్రి); ఇక్కడ పం, పా. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (ఆ రెండు చోట్లా మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. సరళాదేశాల (సంధిలో క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) దగ్గర నాకు పట్టింపు లేదు, ఇంగ్లిషు మాటలకూ అభ్యంతరం లేదు. గణం, యతి మాత్రం తప్పకూడదు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఇది సులువైన సమస్య అనుకున్నారు చాలామంది. ఆ సులువే ఇందులో ఉచ్చు.

పూరణ 1: కూకట్‌పల్లి సాఫ్ట్‌వేర్ మిత్రుడు (ఫోటోగ్రఫీ హాబీ)

రైలు బస్సులు కార్లును రాత్రి కదిలె
సాగె పంతంగి టోలున శకటపంక్తి
మిగిలె కాపలాదారుడు మేడకొకడు
పండుగ దినాన పట్నమ్ము పాడువడియె

చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా పద్యంలోకి ఎక్కడం బాగుంది. విజయవాడ హైవే మీద సంక్రాంతి అంటే ముందు గుర్తొచ్చేది ఆ బారులే. ‘మేడకొకడు’ అందరికీ నచ్చింది. అపార్ట్‌మెంట్ మొత్తం ఊరెళ్లాక సెల్లార్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ‘కార్లును’లో ‘ను’ గణం నింపడానికి వచ్చిందే. ‘రైలు బస్సులు కారులు’ అంటే చాలు, గణం సరిపోతుంది, తోక పోతుంది.

అసలు లోపం వేరే. ఫోటో చూసి ఫోటోనే రాశారు. సమస్యలో ఉన్న విరోధాన్ని విప్పలేదు, ఒప్పుకుని ఊరుకున్నారు. పండుగ వస్తే ఊరు కళకళలాడాలి కదా, ఎందుకు పాడుపడింది, ఎవరికి పాడుపడింది అన్నదానికి ‘అందరూ వెళ్లారు గనక’ అనేది జవాబే గానీ పూరణ అనిపించుకోదు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడైతే తల ఊపేవాడు కాదు.

మల్కాజిగిరి మాస్టారు: మీరు మరీ కఠినం. శకటపంక్తి అన్న మాటకైనా ఓ మార్కు వేయండి.

వేశాను మాస్టారూ.

పూరణ 2: బేగంపేట బ్యాంకు ఉద్యోగిని

పొగయు ధూళియు హారను పోరు తగ్గె
చెరువు గట్టున చల్లని చిరుత గాలి
మురుగు తీసిన కాలువ మురియునట్లు
పండుగ దినాన పట్నమ్ము పాడు వడియె

ఇది చదవగానే చప్పట్లు కొట్టాలనిపించింది. ‘పాడువడియె’ని విరిచి, పాడు వడియె అన్నారు. పట్నంలోని పాడంతా మురుగులా వడిసిపోయిందట! ఖాళీ కావడాన్ని దిగులుగా కాక హాయిగా చూశారు. ట్యాంక్‌బండ్ మీద హారన్ మోత లేని పొద్దున ఎలా ఉంటుందో చూసినవాళ్లకు రెండో పాదం అతిశయోక్తి అనిపించదు.

మల్కాజిగిరి మాస్టారు: అమ్మాయీ, విరుపు భేష్. కానీ క్రియ నిలవదు. వడియు ధాతువుకు భూతకాలం వడిసె. తడియు, తడిసె ఎలాగో ఇదీ అలాగే. వడియె అన్న రూపం దానికి రాదు.

బేగంపేట: అయ్యో, అయితే పద్యమంతా పోయినట్టేనా మాస్టారూ?

మల్కాజిగిరి మాస్టారు: పోదు. వడియు వదిలేసి పడు పట్టుకో. పాడు + పడియె, గసడదవాదేశంతో (సంధిలో ప, వ అవుతుంది) పాడు వడియె. పాడు కింద పడింది, ఓడింది అని అర్థం. అప్పుడు కాలువ పోలిక కుదరదు, మూడో పాదం మార్చాలి.

గంటలోపే ఆమె మార్చి పంపారు:

మట్టి కరచిన మల్లుని మాడ్కి కూలి
పండుగ దినాన పట్నమ్ము పాడు వడియె

కుస్తీ తాలింలకు పేరుపడిన పాతబస్తీ ఉన్న ఊరికి మల్లుడి పోలిక ఇంకా బాగా అమరింది. ‘కూలి’, ‘పడియె’ రెండూ వరస పాదాల చివర రావడంతో విరుపు కూడా బలపడింది. నా దృష్టిలో సవరణే మొదటిదానికన్నా గట్టిది. ఆవిడకు మాత్రం ఇప్పటికీ కాలువే ఇష్టమట.

పూరణ 3: దిల్‌సుఖ్‌నగర్ డిగ్రీ విద్యార్థి

మొత్తం పద్యం ఇవ్వడం లేదు, ఒక్క పాదం గురించే మాట్లాడుకుందాం: ‘మెట్రో రైలులో సీటులు మెండుగాను’. యతి సరే. మొదటి గణమే తప్పింది తమ్ముడూ. ‘మెట్రో’ రెండు గురువులు, సూర్యగణం (గురువు లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. ‘మెట్రొ’ అని కుదించి రాస్తే చెవికి బాగోదు. మాటను రెండో మూడో గణంలోకి జరుపు, ఇలా:

సీటు దొరికెను మెట్రోన చిక్కులేక

దిల్‌సుఖ్‌నగర్: సీ, చి లకు యతి ఎలా కుదిరింది సార్?

చ, ఛ, జ, ఝ, శ, ష, స లకు పరస్పరం మైత్రి ఉంది. ఇకారం, ఈకారం ఎలాగూ ఒక జట్టే. ఎల్బీనగర్, మియాపూర్ లైన్‌లో సీటు దొరకడమే ఒక పండుగ అన్న నీ ఊహ బాగుంది. దాన్ని పట్టుకుని మళ్లీ రాయి.

పూరణ 4: మెహదీపట్నం గృహిణి (పక్షులను ఫోటోలు తీస్తారు)

తీగపై వ్రేలు మాంజాకు తెగెను రెక్క
గద్ద కూనకు గూటికి గమనమేది
మనకు వేడుక, పక్షికి మాత్రమకట
పండుగ దినాన పట్నమ్ము పాడువడియె

వచ్చినవాటిలో నేను మొదట నిలబెట్టేది దీన్ని. ఎవరికి పాడుపడింది అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. మనుషులు ఊళ్లకు వెళ్లారా లేదా అన్నదాంతో పని లేకుండా, డాబాల మీద జనం నిండుగా ఉన్నప్పుడే, ధూల్‌పేట పతంగులు ఆకాశమంతా నిండినప్పుడే, పట్నం పాడుపడగలదని చూపించారు. పండుగ ఎంత జోరుగా ఉంటే పక్షికి అంత చేటు. విరోధం ఇంతకన్నా బాగా విడిపోదు.

నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా కరెంటు తీగల మీదా చెట్ల కొమ్మల మీదా పండుగ అయ్యాక నెలల తరబడి వేలాడేది అదే. నూలు దారంలా నానదు, కుళ్లదు. ఆవిడ తీసిన ఫోటో కూడా జత చేశారు గానీ, దాన్ని ఇక్కడ పెట్టడం లేదు. చూడలేం.

చిన్న సవరణ: పులికూన, కుక్కకూన అంటాం గానీ పక్షికి కూన నప్పదు. ‘గద్ద పిల్లకు’ అంటే గణం మారదు.

కూకట్‌పల్లి: మాంజా పక్కన ‘అకట’ ఏంటండీ, పౌరాణిక నాటకంలోలా?

నిజమే, కాస్త తేడాగా వినిపించింది. కానీ పాదాన్ని నిలబెట్టింది ఆ మాటే. అంతకన్నా తేలికైన మాట ఆ మూడు లఘువుల్లో పెట్టగలిగితే పంపండి, మారుస్తాం.

పూరణ 5: నాంపల్లి వ్యాపారి మిత్రులు

ఊరికేగిన వారల యూహ గాని
నడువ సందేది నాంపల్లి నడుమ నేడు
ఆ నుమాయిషు చూడక యనుచునుంద్రు
పండుగ దినాన పట్నమ్ము పాడువడియె

సమస్యను ఎవరో అన్న మాటగా మార్చి, ఆ మాట తప్పనడం పాత ఉపాయమే. పాతదైనా ఇక్కడ పనిచేసింది, ఎందుకంటే సాక్ష్యం బలంగా ఉంది. 1938లో మొదలైన నుమాయిష్, అంటే నాంపల్లి ఎగ్జిబిషన్, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. సంక్రాంతి ఆ రోజుల్లోనే పడుతుంది. కశ్మీరు శాలువాల స్టాళ్ల దగ్గర కాలు పెట్టే చోటుండదు. ఊరు ఖాళీ అనేవాళ్లు హైటెక్ సిటీ వైపు చూసి అంటారు, నాంపల్లి వైపు చూడరు. ఈ ఎత్తిపొడుపు నాకు నచ్చింది.

మూడో పాదం అచ్చుతో మొదలైంది. ‘నేడు’ తర్వాత ‘ఆ’ వస్తే సంధి జరగాలి, విడిగా ఉంచకూడదు. ఇలా అంటే ఆ ఇబ్బంది పోతుంది:

మరి నుమాయిషు చూడక మాటలేల

‘నుమాయిషు’ గణాలకు లొంగని మాట. ముందు ఒక గురువో రెండు లఘువులో పెట్టి ‘ను’ను మొదటి గణంలోకి లాగితే కుదురుతుంది.

పూరణ 6: అమీర్‌పేటలో టిఫిన్ బండి నడిపే అన్న

దోసె పెనమున వేడియే తొలగి పోయె
పిల్లలందరు హాస్టలు విడిచిపోవ
అమ్మకము లేని బండికి నద్దె గలదు
పండుగ దినాన పట్నమ్ము పాడువడియె

కోచింగ్ సెంటర్ల పిల్లలు ఊళ్లకు వెళ్తే అమీర్‌పేట సందుల్లో ఎవరి పొయ్యి ఆరుతుందో ఇందులో ఉంది. దో, తొ యతి; పి, వి యతి; రెండూ ఒప్పే. ‘అద్దె గలదు’ అని ఇంటి గేటుకు వేలాడే బోర్డు మాటనే తన కష్టానికి వాడుకున్నారు. తెలిసి వాడారో, తెలియక వాడారో, అడిగితే నవ్వి ఊరుకున్నారు.

నాంపల్లి: ఇక్కడా మూడో పాదం అచ్చుతోనే మొదలైంది. నాకు దిద్దారు, ఆయనకు దిద్దరా?

దిద్దబోయాను. ‘విడిచిపోవ’ తర్వాత సంధి చేస్తే ‘నమ్మకము లేని బండి’ అవుతుంది. ఆయన వ్యాపారం పండుగ అయ్యాక కూడా దెబ్బతింటుంది! అందుకే వదిలేశాను.

మల్కాజిగిరి మాస్టారు: వ్యాకరణం కన్నా ఇడ్లీ ముఖ్యం. ఒప్పుకుంటున్నాను.

ఈ వారానికి మెహదీపట్నం పద్యానిది మొదటి స్థానం, అమీర్‌పేట పద్యానిది రెండోది. బేగంపేట సవరణకు మూడో స్థానం ఇవ్వడం మీద మాస్టారికి అభ్యంతరం ఉంది, ఆయన లెక్కలో అదే మొదటిది.

వచ్చే వారానికి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. వానాకాలం కాదు కదా అని అడగకండి, గొడుగు ఎండకూ పడతాం:

*గొడుగు పట్టినపుడె తడిసె నతడు*

ఇందులో ఉన్నది ప్రాసయతి. మీరు రాసే మూడు పాదాల్లో మామూలు యతి వేసినా సరే.