జిమ్నీ కింద కవచం: బయట నుంచి తెప్పించడమా, ఆటోనగర్‌లో చేయించడమా?

కారంపొడి జిమ్నీ (గుంటూరు):
అందరికీ నమస్కారం. మాది మారుతీ ఐదు డోర్ల జిమ్నీ, మాన్యువల్. వీలు దొరికితే మారేడుమిల్లి వైపు, లేదంటే కొండపల్లి వెనక దారులు. ఈమధ్య ఒక రాయి మీద బండి అలా కూర్చుండిపోయింది, ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేరుపెట్టె) దగ్గర బర్రున గీసుకుపోయిన చప్పుడుకి నాకు గుండె జారినంత పనైంది. ఇక కింద ఏదో ఒకటి వేయించాల్సిందే అని డిసైడ్ అయ్యా. ఇంజిన్ స్కిడ్ ప్లేట్ (రాళ్ల దెబ్బ తగలకుండా అడుగున బిగించే రేకు), ట్రాన్స్‌ఫర్ కేసు ప్లేట్, ట్యాంక్ గార్డ్, రెండువైపులా రాక్ స్లైడర్లు (తలుపుల కింద బిగించే గట్టి పైపులు), వీలైతే ముందు స్టీల్ బంపర్ కూడా. పుణె వాళ్ల కిట్ ఒకటి నచ్చింది, రేటు కూడా ఓకే, కానీ గుంటూరు దాకా పంపడానికి అడిగిన చార్జీ చూసి ఫోన్ పక్కన పెట్టేశా. బెజవాడ ఆటోనగర్‌లో ఒకాయన "ఫొటో చూపించండి చాలు, సగం రేటుకి చేసిస్తా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

పటమట పాతకాపు (విజయవాడ):
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ. రాష్ట్రంలో సగం లారీలకి బాడీలు కట్టిన చేతులున్న చోటు అది, ఒక రేకుకి నాలుగు బెండ్లు వేసి ఆరు బెజ్జాలు పెట్టలేరా? పుణెలో వాళ్లు వాడేదీ అదే ప్లేటు, అదే లేజర్ కటింగు. మీద స్టిక్కరు వేసి, నల్లరంగు కొట్టి, మళ్లీ దాన్ని లారీలో ఎక్కించి అన్ని వందల కిలోమీటర్లు తిప్పి తెచ్చినందుకు కూడా మనమే డబ్బులు కట్టాలా. పైగా ఇక్కడ చేయించుకుంటే రేపు ఎక్కడన్నా వంగినా మళ్లీ తీసుకెళ్తే గంటలో సాపు చేసిస్తారు. పుణెకి పంపుతావా?

నల్లరేగడి (నరసరావుపేట):
పాతకాపు గారూ, చేతుల మీద నాకేం అనుమానం లేదండీ, ఆటోనగర్ వెల్డర్లకి దణ్ణం పెట్టొచ్చు. గొడవల్లా ఎక్కడంటే వాళ్లకి అలవాటైంది లారీ. లారీ కింద పది కిలోలు ఎక్కువైనా ఎవడూ అడగడు, కాబట్టి "గట్టిగా ఉండాలి సార్" అంటే చాలు 6 ఎంఎం ప్లేటు తీస్తారు. లెక్క చూడండి. స్టీలు 1 ఎంఎం మందం ఉంటే చదరపు మీటరుకి 7.85 కిలోలు, అంటే 6 ఎంఎం అయితే 47 కిలోలు. మూడు ప్లేట్లూ కలిపి చదరపు మీటరు పైచిలుకు అవుతుంది, 1.2 అనుకుంటే 56 కిలోలు. అదే 3 ఎంఎం అయితే 28. అల్యూమినియం 6 ఎంఎం వేసినా 20 కిలోలు దాటదు.

ఇప్పుడు జిమ్నీ సంగతి. ఖాళీ బండి దాదాపు 1,200 కిలోలు, గ్రాస్ వెయిట్ (మనుషులు, సామాను అంతా కలిపి దాటకూడని బరువు) 1,545. మధ్యలో మనకి మిగిలేది 345. నలుగురు మనుషులు మనిషికి 70 చొప్పున ఎక్కితే 280 పోయింది. మిగిలిన 65 కిలోల్లోనే ఈ ప్లేట్లు, స్లైడర్లు, బంపరు, మళ్లీ లగేజీ, నీళ్ల క్యాన్లు. 6 ఎంఎం ప్లేట్లతోనే కోటా దాదాపు ఖతం. తర్వాత స్ప్రింగులు కూర్చున్నాయని మళ్లీ సస్పెన్షన్ మార్చాలి, ఏ క్లియరెన్సు (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎడం) కోసం ఇదంతా మొదలెట్టామో అదే పోతుంది.

పటమట పాతకాపు:
సరే 6 ఎంఎం వద్దు, 3 ఎంఎం చెప్పి చేయించుకోమను. నోరుంది కదా. వేసవిలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో పుణె వాడికేం తెలుసు, మనోడైతే గాలాడ్డానికి నాలుగు చీలికలు ఎక్కువ పెడతాడు.

నల్లరేగడి:
పెడతాడా? నేను చూసిన ఒక బండికి (నాది కాదు, మా ఫ్రెండుది, థార్) చేసిన ప్లేటుకి ఆయిల్ డ్రెయిన్ నట్టు దగ్గర బెజ్జమే లేదు. ప్రతి సర్వీసుకీ మొత్తం ప్లేటు ఊడదీయాలి, షోరూమ్ వాళ్లు దానికి వేరే లేబరు వేశారు. ఇంకోటి, బోల్టు తలలు ప్లేటు కన్నా కిందికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రాయి మీద జారేటప్పుడు ముందు తగిలేది ఆ తలే, అది అరిగి గుండ్రంగా అయిపోతే ఏ స్పానరూ పట్టదు, ఇక గ్రైండరే గతి. మంచి కిట్లలో బోల్టు తల లోపలికి కూర్చునేలా గుంట ఉంటుంది. రేకు ఎవరైనా వంచుతారు, నేను రేటు కడుతోంది ఈ ఆలోచనకి.

లారీ ఆఫీసు లెక్కలు (విజయవాడ):
ట్రాన్స్‌పోర్టులో పనిచేస్తా కాబట్టి చార్జీ గురించి చెప్తా, దాన్ని బట్టి మీరే చూసుకోండి. కొరియర్ వాళ్లు అసలు బరువు, సైజు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి కడతారు. సైజు బరువు అంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5,000తో భాగించడం. రోడ్డు పార్శిల్‌కి ఈ అంకె కంపెనీని బట్టి మారుద్ది. స్కిడ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి 100, 70, 12 డబ్బాలో పెట్టారనుకోండి, సైజు బరువు 17 కిలోలు కూడా రాదు, అసలు బరువే ఎక్కువ, కాబట్టి దానికే కడతారు, న్యాయమే. బంపరు 170, 60, 50 డబ్బా అయితే సైజు బరువు 102 కిలోలు. సరుకు 45 కిలోలే ఉన్నా మీరు 102కి కట్టాలి, అంటే సగానికి పైగా గాలికే డబ్బులు. మీకు అంత చార్జీ చెప్పారంటే బంపరు వల్లే అయ్యుంటుంది, అది తీసేసి మళ్లీ కొటేషన్ అడగండి.

రెండోది, కొరియర్ కాకుండా లారీ పార్శిల్లో వేయమనండి. గొడౌన్ డెలివరీ అయితే చవక, మీరే వచ్చి తీసుకెళ్లాలి, హమాలీ వేరే. టు-పే వేయించుకుంటే ఇక్కడ కట్టి విడిపించుకోవచ్చు. సరుకొచ్చిందని ఫోన్ వస్తే నాన్చకండి, గడువు దాటితే డెమరేజ్ (గొడౌన్లో ఉంచినందుకు అదనపు చార్జీ) పడుద్ది. బిల్లు 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కాగితం) ఉండాలి, అది అమ్మేవాడి పని, కానీ నంబరు మీరు అడిగి పెట్టుకోండి.

ముఖ్యమైంది ప్యాకింగు. ప్లేటు అంచులు కత్తుల్లా ఉంటాయి, ఉత్త అట్టపెట్టెలో వేస్తే రెండు చోట్ల ఎక్కించి దించేసరికి మూలలు చీరేసుకుని బయటికొస్తాయి, పౌడర్ కోటింగ్ అక్కడే పోద్ది. ఇంకా దారుణం ఏంటంటే బోల్టుల కవరు. చిన్న ప్లాస్టిక్ కవర్లో బోల్టులు, బ్రాకెట్లు వేసి టేపుతో ప్లేటుకి అంటిస్తారు, పెట్టె చిరిగితే ముందు జారిపోయేది అదే. మా గొడౌన్లో ఊడ్చేటప్పుడు దొరికే బోల్టులన్నీ అలా వచ్చినవే. బోల్టులు వేరే చిన్న పెట్టెలో కట్టి, దాన్ని లోపల వైరుతో బిగించమని ముందే చెప్పండి. సంతకం పెట్టే ముందు పెట్టె తిప్పి చూసి, చిరిగుంటే ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద అక్కడే రాయించండి. రాయకుండా తీసుకెళ్లి రేపు ఫోన్ చేస్తే ఎవరూ వినరు. రోడ్డు ట్రాన్స్‌పోర్టు రూల్స్ ప్రకారం మా బాధ్యత మామూలుగా కట్టిన కిరాయికి పది రెట్ల వరకే, అది కూడా మీరు రాయించిన విలువ దాటకుండా. విలువ తక్కువ రాయించి ఏదో మిగిల్చామనుకునేవాళ్లు అక్కడ దొరికిపోతారు.

కారంపొడి జిమ్నీ:
అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. ఇంకో డౌటు, ఆస్ట్రేలియా వాళ్ల వీడియోల్లో స్లైడర్లు భలే ఉన్నాయి. అక్కడి నుంచి తెప్పించుకున్నోళ్లు ఉన్నారా?

లారీ ఆఫీసు లెక్కలు:
ఇనుమా? విమానంలోనా? వద్దు బాబూ. ఓడలో అయితే చెన్నై పోర్టుకొచ్చి, కస్టమ్స్ ఏజెంటు, డ్యూటీ, దాని మీద జీఎస్టీ, మళ్లీ అక్కడి నుంచి లారీ. స్లైడర్ కన్నా కాగితాలు బరువు.

నల్లరేగడి:
ఒక్క జాగ్రత్త మాత్రం. బయట దేశాల్లో ఎక్కువగా దొరికేది మూడు డోర్ల జిమ్నీ సామాను. దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,250 ఎంఎం, మనది 2,590. అంటే 34 సెంటీమీటర్లు తేడా, ఆ స్లైడర్ మనకి పొట్టి. ఐదు డోర్లది అక్కడ ఎక్స్‌ఎల్ పేరుతో అమ్ముతున్నారు, మన దేశం నుంచి వెళ్లిందే. ఆ పేరు చూసుకోకుండా ఎవరన్నా సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఇస్తామంటే పడిపోకండి.

థార్ మావ (తాడేపల్లి):
ఇంతకీ బంపర్ గురించి ఎవరూ మాట్లాడరేంటి. ముందు స్టీల్ బంపర్ లేకుండా మిగతావన్నీ ఎందుకు మావా? రాత్రిపూట పల్నాడు రోడ్ల మీద ఎదురుగా గేదె వస్తే స్కిడ్ ప్లేట్ కాపాడుద్దా?

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అల్లుడు (గుంటూరు):
పేరు చూసి భయపడకండి, నిజంగానే అల్లుణ్ణి, కానీ ఫేవర్లు లేవు. బంపర్ సంగతి క్లియర్‌గా చెప్తా. 2017 డిసెంబర్లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకీ లెటర్ రాసింది, బుల్ బార్లు, క్రాష్ గార్డులు (బండి ముందు బిగించే ఇనప గార్డులు) మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని, పట్టుకోమని. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద రూల్‌కి విరుద్ధంగా బండి మారిస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందరూ వేసుకుంటున్నారు కదా అంటారు, పట్టుకున్న రోజున అందరూ వచ్చి కట్టరు.

చట్టం పక్కన పెట్టినా, కంపెనీ బంపర్ వెనక నలిగేలా చేసిన భాగం ఉంటుంది, దెబ్బ అక్కడ తినాలి, ఆ కుదుపు లెక్క చూసే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది. నువ్వు స్టీల్ బంపర్ తెచ్చి నేరుగా ఛాసిస్‌కి బిగిస్తే ఆ లెక్క తప్పుద్ది. గేదెని గుద్దినప్పుడు బంపర్ బాగానే ఉంటుంది థార్ మావా, లోపల నీ సంగతి?

థార్ మావ:
ఎన్నో బండ్లు చూశా, ఏం కాలేదు. స్కిడ్ ప్లేట్ కూడా కంపెనీ ఇచ్చింది కాదుగా, దానికెందుకు రూల్ చెప్పవు మరి?

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అల్లుడు:
మంచి ప్రశ్నే. సెక్షన్ 52లో ఆల్టరేషన్ అంటే బండి నిర్మాణంలో మార్పు వచ్చి దాని మూల లక్షణం మారడం అని వివరణ ఉంది. కింద బోల్టులతో బిగించి, కావాలంటే ఊడదీసే ప్లేటుని అలా అనలేమని నా వాదన. స్లైడరు కూడా బోల్టుల మీదే ఉండి, బాడీ వెడల్పు దాటకపోతే అదే మాట. ఎదుటి మనిషికి తగిలేది, ఎయిర్‌బ్యాగ్‌ని చెడగొట్టేది కాబట్టి బంపర్ వేరు. రోడ్డు మీద ఆఫీసరు ఒప్పుకుంటాడా అంటే అది ఆయన ఇష్టం. ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టిస్తే మాత్రం నేను కూడా నీ వైపు మాట్లాడలేను.

పటమట పాతకాపు:
వెల్డింగ్ మాటకి నేనూ ఒప్పుకుంటా. ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ వద్దు, ఆ వేడికి పక్కన లోహం గుణం మారుద్ది, తర్వాత చిట్లితే అక్కడే చిట్లుద్ది. ఛాసిస్‌లో ఉన్న బెజ్జాలకే బ్రాకెట్ కట్టించాలి. బండి మీద ఎక్కడ ఆర్క్ వెల్డింగ్ పెట్టినా ముందు బ్యాటరీ నెగటివ్ తీయించు, లేకపోతే ఈసీఎం (ఇంజిన్ని నడిపే కంప్యూటరు) పోద్ది. స్లైడర్లు అయితే ఆటోనగరే, ఇందులో వెనక్కి తగ్గను. ఉత్త పైపులు, బ్రాకెట్లు, కొలత నీ బండి మీదే తీస్తారు. 40 కిలోల పైపుని పుణె నుంచి ఎందుకు మోయించాలి?

నల్లరేగడి:
స్లైడర్ల వరకు సరే. బ్రాకెట్ బాడీకి కాకుండా ఛాసిస్‌కి ఉండాలి, బండి బరువులో చాలా భాగం ఒక్క స్లైడర్ మీద పడొచ్చు. పూర్తయ్యాక ఆయన ముందే జాకీ స్లైడర్ కింద పెట్టి ఆ వైపు చక్రాలు లేపి చూపించమనండి. వంగితే అక్కడే తేలుద్ది.

ఇంకోటి, మన ఏరియాకే ప్రత్యేకం. వానల్లో నల్లరేగడిలో దిగితే ఆ బంక ప్లేటుకీ ఇంజిన్‌కీ మధ్య మెత్తి ఎండిపోద్ది, ఎండితే ఇటుకే. కోతలప్పుడు పొలాల్లోకి దింపితే ఎండు వరిగడ్డి లోపల దూరి ఎగ్జాస్ట్ దగ్గర చేరుద్ది, పొగ వచ్చేదాకా తెలీదు. సూర్యలంక ఇసుకలో ఆడితే ఉప్పు. అందుకే ఊడదీసి కడుక్కోవడానికి వీలుగా ఉన్న డిజైనే తీసుకోండి, ప్లేటుకీ ఫ్రేముకీ మధ్య రబ్బరు వాషర్ వేయించండి, లేకపోతే బందరు రోడ్డు మీద గలగలలు.

కారంపొడి జిమ్నీ:
పుణె వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేశా. బంపర్ తీసేసి మూడు ప్లేట్లు మాత్రం, లారీ పార్శిల్, విజయవాడ గొడౌన్ డెలివరీ అంటే చార్జీ మూడో వంతుకి దిగింది. ఇంజిన్ ప్లేటు 4 ఎంఎం, మిగతావి 3 ఎంఎం అంట, డ్రెయిన్ బెజ్జం ఉంది, ఫొటో పంపారు. బోల్టులు వేరే పెట్టెలో అంటే నవ్వాడు కానీ ఒప్పుకున్నాడు. సరుకు విడిపించుకున్న రోజే స్లైడర్లకి ఆటోనగర్ వస్తా, పాతకాపు అన్నా, ఆ మేస్త్రి దగ్గరికి మీరు కూడా వస్తే బావుంటుంది.

పటమట పాతకాపు:
వస్తా, వచ్చే ముందు ఫోన్ చెయ్యి. ఆ పుణె ప్లేటు కూడా బండిలోనే ఉంచు, అక్కడ స్కేలు పెట్టి మందం చూద్దాం. 4 ఎంఎం అని 3 పంపే వాళ్లూ ఉన్నారు.

నల్లరేగడి:
చూడండి, చూసి ఇక్కడ పెట్టండి. 4 ఉంటే ఒప్పుకోవాలి మరి.

థార్ మావ:
మీరంతా ఏమైనా చెప్పండి, నా బంపర్ మాత్రం తీయను.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అల్లుడు:
తాడేపల్లి వైపు మా మామయ్యకి డ్యూటీ ఎప్పుడు పడుద్దో కనుక్కుని చెప్తాలే.