తిక్కన పద్యంలో ‘విరిగిన అలుగు’

డార్క్ ఫాంటసీ నవల రాస్తున్న ఒకరు మొన్న ఇక్కడ అడిగారు. మంత్రగత్తె చెరలో నానా హింసలూ పడి బయటపడిన అమ్మాయి కథ అది. చివర్లో “ఆమె మనసులో గాయం మానింది” అని రాస్తే ఎందుకో పొసగడం లేదట. ‘హీలింగ్’కి ఇంకో మాట ఏముంది అన్నారు. ఉపశమనం, సాంత్వన, స్వస్థత అని చాలామంది చెప్పారు. (‘స్వస్థత’ అనగానే నాకు ప్రార్థన కూటమి పోస్టరే కళ్ళముందుకొస్తుంది.) నాకు తోచింది ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పే పద్యం:

తనువున విరిగిన యలుగుల
ననువునఁ బుచ్చంగవచ్చు నతినిష్ఠురతన్
మనమున నాటిన మాటలు
విను మెన్ని యుపాయములను వెడలునె యధిపా!

ఒంట్లో విరిగిపోయిన బాణపు మొనల్ని నేర్పుగా తీసెయ్యొచ్చు. కర్కశంగా మనసులో నాటిన మాటలు ఎన్ని ఉపాయాలు పన్నినా బయటికి పోతాయా రాజా అని. ‘పుచ్చు’ అనగానే వంకాయ దగ్గరికి పోకండి, ఇక్కడ తీసివేయడమే.

సంస్కృత మూలంలో ఈ సంగతికి రెండు శ్లోకాలున్నాయి. ఒకదాంట్లో బాణపు దెబ్బ పూడుతుంది, గొడ్డలివేటు తిన్న అడవి మళ్ళీ చిగురిస్తుంది, మాట చేసిన గాయం పూడదు. రెండోదాంట్లో కర్ణి, నాళీకం, నారాచం లాంటి బాణాలను ఒంట్లోంచి లాగొచ్చు, గుండెలో దిగిన మాటను లాగలేం. మన పద్యం ఈ రెండోదాని వెంట నడిచింది. ‘విరిగిన’ మాత్రం తిక్కన చేర్పు. బాణం కర్ర చేతికొచ్చేస్తుంది, మొన లోపలే ఉండిపోతుంది. పైన చర్మం కలిసిపోయినా అది అక్కడే ఉంటుంది. అంటే మానడం, మానకపోవడం అన్న గొడవే ఈ పద్యంలో లేదు.

క్రియలు కూడా చూడండి. ‘పుచ్చు’ సకర్మకం, ‘వెడలు’ అకర్మకం. అలుగును ఇంకొకరు తీస్తారు. మాట తనంతట తాను వెళ్ళాలి, వెళ్ళదు. గణాల కోసం పడిందని ఎవరైనా అనొచ్చు గానీ, తిక్కన కందంలో అలా ఊరికే పడే మాటలు తక్కువ.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ (1954–55) చదివినవాళ్ళకి కథానాయకుడు ఫ్రోడో గుర్తుండే ఉంటాడు. అక్టోబరు 6న అతని భుజంలో కత్తి దిగుతుంది. మొన విరిగి లోపల ఉండిపోయి గుండెవైపు జరుగుతూ ఉంటుంది. వైద్యం తెలిసిన ఎల్రాండ్ వెతికి దాన్ని తీసేస్తాడు. విదురుడి లెక్కన అక్కడితో సరి. కానీ ఆ తేదీ వచ్చేసరికి నొప్పి మళ్ళీ తిరగబెడుతుంది. ఊరు బాగుపడినా అతను మాత్రం కుదురుకోలేడు, చివరికి ఓడెక్కి సముద్రం దాటి పోతాడు. 1916లో సోమ్ యుద్ధంలో కందకాలు చూసొచ్చిన మనిషి రాసిన కథ మరి. అందులో అలుగు తీశాక కూడా వెడలనిది ఒకటి మిగిలింది.

అందుకే మీ నవలకి నా ఓటు ‘తేరుకోవడం’. వరదనీళ్ళు బిందెలో పోసి ఉంచితే తేరుకుంటాయి, మడ్డి ఎటూ పోదు, కుదిపితే మళ్ళీ లేస్తుంది. “మెల్లగా తేరుకుంది” అని రాశాక ఆ అమ్మాయి తలుపు చప్పుడుకి ఉలిక్కిపడినా పాఠకుడు తప్పుపట్టడు. “గాయం మానింది” అన్నాక ఉలిక్కిపడితే రచయితే మర్చిపోయాడనుకుంటాడు.

మంత్రగత్తె మాటలకైతే ‘ములుకులు’ వాడండి. ములుకన్నా బాణపు మొనే, “ములుకుల్లాంటి మాటలు” అని ఇప్పటికీ అంటున్నాం. మీ వైపు దీనికి వేరే మాట ఉంటే రాయండి.