మాడ్యులేషన్ డెప్త్ కొలతకు స్కోప్‌ను నమ్మాలెనా, ఎస్‌డీఆర్ డాంగిల్‌నా?

దేవరకొండ డిప్లొమా:
అన్నలకు నమస్తే. మా ల్యాబ్‌ల జనరేటర్ నుంచి 30 మెగాహెర్ట్జ్ క్యారియర్ (మోసే తరంగం), దాని మీద 1 కిలోహెర్ట్జ్ టోన్ ఎక్కించి తీసిన. ఆ టోన్ క్యారియర్ ఎత్తును ఎంత శాతం ఊపుతదో అదే మాడ్యులేషన్ డెప్త్. స్కోప్ (ఆసిలోస్కోప్) మీద ఎన్వలప్, అంటే తరంగం ఎత్తుల వెంబడి కనబడే అంచు, పెద్దగున్నకాడ 7.2 డివిజన్లు, సన్నగున్నకాడ 0.8. తేడాను మొత్తంతోని భాగిస్తే 80 శాతం. అదే సిగ్నల్‌ను ఆర్‌టీఎల్ డాంగిల్‌కు (కంప్యూటర్‌కు తగిలించే చిన్న ఎస్‌డీఆర్, అంటే సాఫ్ట్‌వేర్‌తోని నడిచే రేడియో) ఇస్తే సైడ్‌బ్యాండ్లు, అంటే టోన్ వల్ల క్యారియర్‌కు అటూ ఇటూ వచ్చే గీతలు, క్యారియర్ కంటే 9 డీబీ (డెసిబెల్) కిందున్నయి, అంటే 71 శాతమే. సార్ స్కోప్ రీడింగే రికార్డుల రాయమంటున్నడు. డాంగిల్ లెక్క పనికిరాదా?

మిర్యాలగూడ మెకానిక్:
పనికిరాదు తమ్మీ. ముప్పై ఏండ్ల సంది రేడియోలు బాగుచేస్తున్న. స్కోప్‌ల కనబడేది అసలు వోల్టేజీ. డాంగిల్ 8 బిట్లది, ట్యూనర్, ఫిల్టర్, సాఫ్ట్‌వేర్ ఇన్ని చేతులు మారినంక వచ్చే అంకె అది. మాడ్యులేషన్ వంద దాటితే స్కోప్‌ల ఎన్వలప్ నడిమి గీతకు అతుక్కుంటది, చూడంగనే తెలుస్తది.

జడ్చర్ల హ్యామ్:
కాకా, మీ చేతి అనుభవం మీద నాకు గౌరవముంది గని ఈ తీర్పు ఒప్పుకోను. ఒక్క టోన్‌కు 80 శాతమైతే ఒక్కో సైడ్‌బ్యాండ్ అందుల సగం, క్యారియర్‌ల 0.4 వంతు, అంటే 8 డీబీ కింద ఉండాలె. వంద శాతానికి 6, యాభైకి 12. మరి ఆ ఒక్క డీబీ ఎటు పోయింది? సిగ్నల్ ఎక్కువై డాంగిల్‌ల శిఖరాలు తెగుతున్నయని నా అనుమానం. తమ్మీ, ఏజీసీ (గెయిన్‌ను తనంతట తానే సర్దే ఏర్పాటు) బంద్ పెట్టు, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలె అనేది) చేత్తోని 10 డీబీ తగ్గించు. క్యారియర్‌కు అటూ ఇటూ 2 కిలోహెర్ట్జ్ దూరంల చిన్న గీతలున్నయా చూడు. గెయిన్ తగ్గితే అవి క్యారియర్ కంటే ఎక్కువ పడిపోయినయనుకో, డాంగిల్ పుట్టించినవే. క్యారియర్‌తోని సమానంగ పడితే వంకర జనరేటర్‌ల ఉన్నట్టు.

కాకా, ఇగ స్కోప్ మీద 5 శాతం మాడ్యులేషన్ కొలిచి చూపించున్రి. గీత మందంలనే కలిసిపోతది. స్పెక్ట్రమ్‌ల అది 32 డీబీ కింద తేటగ నిలబడ్తది. పోయిన వానాకాలం మా ఇంట్ల పాత జనరేటర్‌కు టోన్ బంద్ చేసి చూస్తే, క్యారియర్‌ను ఆనుకొని 100 హెర్ట్జ్ దూరంల చెరో పక్క ఒక గీత, 40 డీబీ కింద. అంటే 2 శాతం హమ్ (కరెంటు సప్లై నుంచి వచ్చే గుయ్యిమనే చప్పుడు). మూత విప్పితే పవర్ సప్లైల పెద్ద కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. మార్చినంక ఆ గీతలు నాయిస్‌ల మునిగినయి. స్కోప్ మీద మాత్రం ముందూ తర్వాతా ఒక్కతీరుగనే ఉండె.

మిర్యాలగూడ మెకానిక్:
సరే, టోన్ వరకు ఒప్పుకుంట. మనిషి మాట్లాడుతుంటే ఏ గీతను పట్టుకొని కొలుస్తవు?

జడ్చర్ల హ్యామ్:
అక్కడ మీ మాటే ఖరారు. మాటకూ పాటకూ ఎన్వలపే చూడాలె. గని అది డాంగిల్ గూడ ఇస్తది: ఐ, క్యూ శాంపిళ్ల (డాంగిల్ ప్రతిసారి జతగ ఇచ్చే రెండు అంకెల) వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఎన్వలపే. రెండు జాగ్రత్తలు కావాలె. ఫిల్టర్ సన్నగ పెడితే పై స్వరాలు తెగి డెప్త్ తగ్గుతది. సిగ్నల్ బలహీనమైతే నాయిస్ లోయలను నింపుతది.

నన్ను బాగ బాధపెట్టేది ఇంకోటుంది. రాత్రిపూట నల్లగొండల కూసొని ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ పట్టి, స్టేషన్ వంద దాటిందని స్క్రీన్‌షాట్లు పెడుతున్నరు. నేల వెంబడి వచ్చే తరంగం, ఆకాశం నుంచి వంగి దిగే తరంగం కలిసినకాడ ఒక్కోసారి క్యారియర్ ఒక్కటే కోతపడి సైడ్‌బ్యాండ్లు మిగుల్తయి. దారిల జరిగినదానికి స్టేషన్ మీద నింద వేయొద్దు. అట్లాంటి కొలత పగటిపూటనే చేయాలె.

దేవరకొండ డిప్లొమా:
అన్నా, చేసి చూసిన. గెయిన్ తగ్గించంగనే 2 కిలోహెర్ట్జ్ గీతలు మాయమైనయి. సైడ్‌బ్యాండ్లు ఇప్పుడు 8.1 డీబీ కింద, 79 శాతం. సార్ రెండు రీడింగులూ రాయమన్నడు.

మిర్యాలగూడ మెకానిక్:
మంచిది తమ్మీ. గెయిన్ ఎంత పెట్టినవో ఆ అంకె గూడ పక్కన రాయి. నేనైతే వంద శాతం దగ్గరికి పోయే ట్రాన్స్‌మిటర్‌ను స్కోప్ పెట్టకుండ ఎవరికీ ఓకే చెప్ప.