బొమ్మ చూడాలంటే ముందు కథ తెలియాలా?

కొత్తచూపు:
ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటున్నాను. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి బౌద్ధస్తూపం శిల్పాల గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. చిత్రకళ, శిల్పం గురించి నాకు ఏమీ తెలియదు, నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ఒక మిత్రుడేమో బుద్ధుడి కథలు చదవకుండా అక్కడికి వెళ్ళడం దండగ అంటాడు. మా బంధువుల్లో ఒక డ్రాయింగు మాస్టారున్నారు. ఆయనేమో ఏమీ చదవొద్దు, బోర్డు చదివితే కన్ను పనిచేయడం మానేస్తుంది అంటారు. మీరు ఎవరి పక్షం?

హిందూపురంవాసి:
మీ మిత్రుడి పక్షమే. మాకు దగ్గర్లోనే లేపాక్షి. వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దం నాటి విజయనగర చిత్రాలున్నాయి. వాటిలో మనునీతి చోళుడి కథ ఒకటి. రాకుమారుడి రథం కింద లేగదూడ పడి చనిపోతుంది, తల్లి ఆవు వెళ్ళి న్యాయం కోసం గంట లాగుతుంది, రాజు సొంత కొడుక్కే అదే శిక్ష వేస్తాడు. ఈ కథ తెలియనివాడికి అక్కడ ఒక ఆవు, ఒక రథం, కొందరు మనుషులు కనిపిస్తారు, అంతే. మెడ నొప్పెట్టి తల దించేస్తాడు. కథ తెలిసినవాడి గుండె కలుక్కుమంటుంది. ఆ బొమ్మలు వేసినవాళ్ళు కూడా కథ తెలిసినవాళ్ళ కోసమే వేశారు కదా!

రంగులపెట్టె:
హిందూపురంవాసి గారూ, మీరన్నదాంట్లో నిజముంది. కానీ కథలు తెలియకపోవడం మన తెలుగువాళ్ళ ఇబ్బంది కాదు. మనకు కథలు మరీ బాగా తెలుసు. బొమ్మ ముందు నిలబడగానే "ఇది ఏ ఘట్టం?" అంటాం. "ఓ, కిరాతార్జునీయమా" అని తెలియగానే పక్క బొమ్మకు వెళ్ళిపోతాం. గుర్తుపట్టామంటే చూసేసినట్టే అనుకుంటాం. నాకు బాధ కలిగించేది ఇదే.

కొత్తచూపు గారూ, మీరు వెళ్ళే గదిలోనే నాలాగిరి పతకం ఉంది, బుద్ధుడి ఎదుట శాంతించిన మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం. పలనాటి సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దపు పని. దాని ముందు నిలబడి, కథ సంగతి వదిలేసి, ఒక పది నిమిషాలు చూడండి. గుండ్రటి చట్రంలో ఎడమవైపు ఒక ఏనుగు మనుషుల మీద పడుతోంది. ఒకణ్ణి తొండంతో పట్టేసింది. జనం చెల్లాచెదురవుతున్నారు, భయంతో ఒకరినొకరు పట్టుకుంటున్నారు, పైన మేడ కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కుడివైపుకు రండి. అక్కడ ఏనుగు మోకరిల్లి ఉంది, దాని ఎదుట నిలబడ్డవాళ్ళు నిటారుగా, కదలకుండా ఉన్నారు. ఎడమ సగంలో దేహాలన్నీ వంకర్లు తిరిగి ఒకదాని మీద ఒకటి పడుతుంటే, కుడి చివరికి వచ్చేసరికి గీతలు నిలువుగా సర్దుకుంటాయి. ఈ మార్పు కథలో లేదు. కథ "ఏనుగు శాంతించింది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. శాంతించడాన్ని రాతిలో ఎలా చూపించాలో తేల్చుకున్నది శిల్పి. ఆ నిర్ణయం కంటికి ఆనాలంటే ముందు చూడాలి, పేరు తర్వాత తెలుసుకోవచ్చు.

హిందూపురంవాసి:
మరి ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కారని కథ తెలియకపోతే ఎలా తెలుస్తుందండీ? రెండు ఏనుగులు అనుకుంటారు కదా?

పటంకథ:
నాదీ అదే మాట. తెలంగాణలోని చేర్యాల పటాలనే తీసుకోండి. నకాషీ కళాకారులు గుడ్డ మీద వేసే పొడుగాటి చుట్టలు అవి. ఎర్రటి నేల మీద అంతస్తులు అంతస్తులుగా బొమ్మలు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకుల కోసం తయారైన పటాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ఇంకొకరికి ఇంకో పురాణం. కథకుడు పాడుతూ చుట్ట విప్పుతుంటే జనం ఒక్కో అంతస్తూ చూసేవాళ్ళు. అద్దం బిగించి డ్రాయింగు రూములో వేలాడదీసి, కథ అక్కర్లేదు, రంగులు చూడండి అంటే దాని ప్రాణం తీసినట్టే. రంగులపెట్టె గారు కాస్త ఆలోచించాలి.

గోదావరిగట్టు:
నాదొక చిన్న సలహా. ముందా వెనకా అన్నది పక్కన పెట్టి, ఒకే చిత్రకారుణ్ణి పట్టుకుని పదేపదే చూడండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదువుకున్నారు. పురాణ ఘట్టాలూ, మామూలు మనుషులూ, ప్రకృతి దృశ్యాలూ అన్నీ వేశారు. కథ ఉన్న బొమ్మలోనూ లేని బొమ్మలోనూ అదే చెయ్యి ఎలా నడిచిందో పోల్చి చూస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరకొచ్చు.

రంగులపెట్టె:
పటంకథ గారూ, చేర్యాల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. పాట లేకుండా పటం సగమే. కానీ ఏనుగు ప్రశ్న దగ్గర రెండు విషయాలు కలిసిపోతున్నాయి. కథ తెలియడం వేరు, బొమ్మ చెప్పే పద్ధతి తెలియడం వేరు. ఒకే చట్రంలో ఒకే పాత్రను రెండుసార్లు చూపించి కాలం గడిచిందని చెప్పడం ఆనాటి శిల్పుల పద్ధతి. అలాగే అమరావతిలోనే చాలా ఫలకాల్లో బుద్ధుడు మనిషిగా కనిపించడు. ఖాళీ సింహాసనం ఉంటుంది, పాదముద్రలుంటాయి, బోధివృక్షం ఉంటుంది, చక్రం ఉంటుంది. బుద్ధచరిత్ర మొత్తం కంఠతా వచ్చినవాడు కూడా, ఆ గుర్తులే బుద్ధుడని ఎవరైనా చెప్పకపోతే, ఖాళీ కుర్చీకి ఎందుకు దణ్ణం పెడుతున్నారా అని తికమకపడతాడు. కొత్తవాళ్ళకు ముందు అందాల్సింది ఈ పద్ధతుల పరిచయం. దురదృష్టమేమంటే మన మ్యూజియాల్లో చాలా బోర్డుల మీద వస్తువు పేరు, శతాబ్దం, దొరికిన చోటు తప్ప ఇంకేమీ ఉండదు.

కథకే అలవాటుపడిన కన్ను కథ లేని బొమ్మ ముందు ఏమైపోతుందో కూడా చూడండి. చిత్రకారుడు తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలున్నారు. పెద్ద బొట్టు, నిండైన దేహం, ముదురు ఎరుపు, కాషాయం, పసుపు. ఘట్టం లేదు. "బాగుందిగానీ ఏముంది ఇందులో?" అని ముందుకు వెళ్ళిపోయేవాళ్ళను ఎంతమందినో చూశాను. ఆ ముఖాల నలుపు పక్కన ఆ ఎరుపు ఎంత గట్టిగా పలుకుతోందో, నేపథ్యం అంత ఖాళీగా ఎందుకు వదిలారో చూడటం ఎవరూ వాళ్ళకు నేర్పలేదు.

కొత్తచూపు:
అయితే ఈసారి చూసి, నోటుబుక్కులో నాకు తోచింది రాసుకుని, ఆ తర్వాతే చదువుతాను. బొమ్మలు గీయడం రాదు, పరవాలేదా?

రంగులపెట్టె:
పరవాలేదండీ. అయినా రాతతో పాటు నాలుగు గీతలు కూడా గీయండి. ఏనుగు వీపు ఏ వంపు తిరిగింది, జనం ఎటు వాలారు, అంతవరకే. పోలిక రావాలని పట్టుబట్టకండి. గీయడానికి చెయ్యి ఎత్తితే, కన్ను అంతకుముందు దాటేసినచోట ఆగుతుంది.

హిందూపురంవాసి:
నా పద్ధతి మాత్రం నేను మార్చుకోనండీ. మా బంధువుల పిల్లల్ని లేపాక్షికి తీసుకెళ్తుంటాను. కథ చెప్పకపోతే వాళ్ళు పైకి తలెత్తి చూడనే చూడరు. పది నిమిషాల మాట దేవుడెరుగు.

రంగులపెట్టె:
పిల్లలకు కథే చెప్పండి, నేను వద్దనను. చెప్పడం అయిపోయాక వెంటనే బయల్దేరదీయకండి. ఆ పైకప్పు మీద స్త్రీల చీరల అంచులు, నమూనాలు ఉన్నాయి కదా, ఏ ఇద్దరి చీరలైనా ఒకేలా ఉన్నాయేమో వెతకమనండి. అక్కడ నీలం దాదాపు కనిపించదు. ఏ రంగు లేదో చెప్పుకోండి చూద్దాం అని అడగండి. వాళ్ళు ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.