చార్మినార్ వెండి రూపాయలు కొనేముందు ఏం చూసుకోవాలి?

కొత్తకాసు:
అందరికీ నమస్కారం. ఏడో నిజాం కాలం నాటి, చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ రూపాయలు నాలుగు ఒకాయన దగ్గరున్నాయి, వెండి రేటు మీద ఇంకొంచెం వేసి ఇస్తానంటున్నాడు. ఫోటోల్లో అయితే తళతళా మెరిసిపోతున్నాయి. నాకు ఉర్దూ రాదు, ఇంతవరకు నా దగ్గరున్నవన్నీ ఇంట్లో దొరికిన అణాలు, నయాపైసలే. ఆదివారం వెళ్ళి చేతిలో పట్టుకుని చూసుకోవచ్చన్నాడు. పట్టుకుని ఏం చూడాలో తెలియకే టెన్షన్. అయస్కాంతం పెట్టి చూస్తే సరిపోతుందా?

రాగిపైసా:
అయస్కాంతం ఒక్కటీ సరిపోదండి. ఇనుముతో చేసిన మరీ చవక నకిలీ అయితే దొరికిపోతుంది కానీ, జర్మన్ సిల్వర్‌తో చేసినవి దానికి అంటుకోవు. దాని పేరులో తప్ప ఎక్కడా వెండి ఉండదు.

మీరు 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. చార్మినార్ రూపాయి 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. బ్రిటిష్ రూపాయి అయితే 11.66, అంటే సరిగ్గా పాత తులం, అందుకే మా తాత దగ్గర రాణి బొమ్మ రూపాయే తూకం రాయిగా ఉండేది. ఈ రెండు తూకాలూ కలిపేసుకోకండి, చార్మినార్‌ది 11.66 తూగలేదని మంచి నాణేన్ని వదిలేసుకున్నవాళ్ళని చూశాను.

తూకం ఒక్కటే అయితే మోసగాడు కూడా సరిచేయగలడు, కాబట్టి నీళ్ళ పరీక్ష చేయాలి. గ్లాసులో సగం నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచండి. అసలైనది అయితే కాటా 1.10 గ్రాముల దగ్గర చూపిస్తుంది. జర్మన్ సిల్వర్‌ది అయితే అదే తూకానికి 1.28 దాకా పోతుంది. గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోండి.

కంసాలివారబ్బాయి:
పైన చెప్పింది వెండా కాదా అన్న సంగతి. వెండే అయినా నాణెం పాడైపోయి ఉండొచ్చు కదా, డబ్బులు పోయేది అక్కడే. మన ఇళ్ళల్లో రూపాయలకి కొక్కెం అతికించి మెడలో వేసుకునేవాళ్ళు, తరవాత ఆ కొక్కెం పీకేసి అంచు రాకి అమ్మేస్తారు. భూతద్దంతో అంచంతా ఒక చుట్టు తిప్పి చూడండి, ఒక్కచోట మాత్రం నున్నగా ఉండి, దాని పక్కనే టంకం బూడిద రంగులో చిన్న ముద్దలా కనబడిందంటే అదే. చిల్లు పూడ్చినవి కూడా ఉంటాయి, వేలితో తడిమితే తెలియదు, వెలుతురులో వంచితే ఆ గుండ్రం మెరుపు వేరుగా ఉంటుంది.

మెరుపు చూసి అస్సలు మురిసిపోకండి. విబూదితోనో చింతపండుతోనో తోమి తెస్తారు, సన్నటి గీతలన్నీ ఒకేవైపు పోతుంటాయి. అక్షరాల సందుల్లో కిలుము ఉన్న నల్లటి నాణేన్నే నేను కొంటాను, మా ఆవిడ మాత్రం ఇంత మురికిదానికి ఇంత పోశావా అంటుంది.

అచ్చులో పోతపోసిన నకిలీ అయితే మీనార్ల అంచులు కరిగిన సబ్బులా ఉంటాయి, మధ్యలో సూదిమొనంత గుంటలు.

రాగిపైసా:
ఉర్దూ రాకపోయినా అంకెలు నేర్చుకోండి, పది నిమిషాల పని. చార్మినార్ వైపు హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) సంవత్సరం, వెనకవైపు పాలన ఎన్నో ఏడు అన్నది ఉంటాయి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో, అంటే హిజ్రీ 1329. కాబట్టి 1330 ఉన్నదాని వెనక 1 లేదా 2 ఉండాలి, 1342కి 13 లేదా 14. పొంతన లేకపోతే పక్కన పెట్టండి. చార్మినార్ బొమ్మ గుమ్మంలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం ఉంటే ఈయనది, 'మీమ్' ఉంటే వాళ్ళ నాన్న మహబూబ్ అలీ ఖాన్‌ది.

గోదారిగట్టు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా మామయ్య దగ్గర ఒకవైపు రామ పట్టాభిషేకం, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818 అని ఉన్న రాగి నాణెం ఉంది. లక్షలొస్తాయంటున్నాడు?

రాగిపైసా:
కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదండి. గుళ్ళ దగ్గర అమ్మకానికి ఎవరో చేసిన బిళ్ళ అది. దేవుడి గదిలో పెట్టుకోమనండి.

కొత్తకాసు:
వెళ్ళొచ్చాను! కాటా తీస్తే ఆయన నవ్వాడు, గ్లాసుతో నీళ్ళు కూడా ఆయనే ఇచ్చాడు. రెండు 1.09, ఒకటి 1.10. నాలుగోది, అన్నిటికన్నా మెరిసేది, తూకం 11.2 ఉంది కానీ నీళ్ళలో 1.28. దాన్ని ఆయన మాట్లాడకుండా జేబులో వేసుకున్నాడు. మిగతా మూడింట్లో ఒకదానికి సరిగ్గా మీనార్ల పైన అంచు మీద టంకం ముద్ద. అది వదిలేసి రెండే తెచ్చుకున్నాను, రెండూ నల్లగానే ఉన్నాయి. అమ్మ అప్పుడే తోమిస్తానంటోంది, బీరువాలో దాచేశాను.