బలాలు సమానమైతే బస్సు ఆగిపోవాలి కదా?

ప్రశ్న (తిరుపతి నుంచి)
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒక వస్తువుపై పనిచేసే బలాలు ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటే అది కదలదని నేను చెప్పగా, అప్పటికే కదులుతున్న వస్తువు కూడా ఆగిపోతుందా అని అడిగింది. తిరుమల బస్సు ఘాట్ రోడ్డు మీద ఒకే వేగంతో ఎక్కుతోందంటే, ఇంజను బలం ఎక్కువగా ఉన్నందువల్లనే కదా? దయచేసి వివరించగలరు.

సమాధానం 1
కాదండీ. తిన్నని ఎత్తు మీద బస్సు గంటకు 30 కిలోమీటర్ల వేగం మారకుండా ఎక్కుతున్నంతసేపు, చక్రాలను రోడ్డు ముందుకు నెట్టే బలం, బస్సు బరువులో వాలు వెంబడి కిందికి లాగే భాగానికి గాలి నిరోధాన్నీ చక్రాల దొర్లుడు ఘర్షణనూ కలిపితే వచ్చే మొత్తానికి సరిగ్గా సమానంగా ఉంటుంది. ముందుకు నెట్టే బలం నిజంగా ఎక్కువైతే వేగం పెరుగుతూ పోతుంది. డ్రైవరు కావలసిన వేగం అందాక యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలించేది అందుకే. ఫలిత బలం శూన్యమైనప్పుడు ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, కదులుతున్నది అదే వడితో సరళరేఖలో సాగిపోతుంది. 1687లో న్యూటన్ ప్రకటించిన మొదటి గమన నియమం ఇదే. నేల మీద దొర్లించిన ప్రతిదీ చివరికి ఆగిపోవడం చూసి, బలం లేనిదే కదలిక ఉండదని మనకు తోస్తుంది గాని, దాన్ని ఆపే ఘర్షణ కూడా ఒక బలమే.

సమాధానం 2
ఒక్క విషయం చేర్చాలి. ఆ సమానత్వం రోడ్డు తిన్నగా ఉన్నంతవరకే. మలుపులో స్పీడోమీటర్ ముల్లు 30 దగ్గరే నిలిచినా, దిశ మారుతోంది కనుక ఫలిత బలం శూన్యం కాదు. టైర్లపై రోడ్డు ఘర్షణ బస్సును మలుపు లోపలి వైపుకు నెడుతుంది. ప్రయాణికులు బయటి వైపు ఒరగడానికి కారణం, వారి శరీరాలు జడత్వం వల్ల పాత దిశలోనే సాగబోవడం.

ప్రశ్న అడిగినవారు
చాలా కృతజ్ఞతలండీ. పైనుంచి పడే వస్తువు మీద కూడా బలాలు సమానం అవుతాయా?

సమాధానం 1
అవుతాయి. కార్తీక మాసపు వానలో చినుకును తీసుకోండి. అది వేగం పుంజుకునేకొద్దీ గాలి నిరోధం పెరిగి, చివరికి బరువుకు సమానమవుతుంది. అక్కడి నుంచి వేగం పెరగదు, చినుకు మాత్రం పడుతూనే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గాలే లేకపోతే, కిలోమీటరు ఎత్తు నుంచి పడినది సెకనుకు 140 మీటర్ల వేగం అందుకునేది.